అప్పలకొండ ఇంట్లో కింది తొట్టి

భీమిలిలో అప్పలకొండ, ఆయన పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు నూకరాజు ఉండేవారు. తమంత తెలివైనవాళ్ళు ఊళ్ళో లేరని ముగ్గురికీ నమ్మకం. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేస్తామని గొప్ప.

వాళ్ళ హాల్లో గాజు టాంకు, అందులో ఉప్పునీళ్ళ చేపలు రెండు. వాటికి మేత వెయ్యందే పైడమ్మ ముద్ద ముట్టేది కాదు. అలాంటిది నీళ్ళు మురికెక్కి, చేపలు మూల చేరి నోళ్ళు తెరుస్తుంటే ఆవిడ ప్రాణం విలవిల్లాడింది.

చేపల షాపు సన్యాసిరావుని పిలిచారు. ఆయన టాంకు కింద ఇంకో తొట్టి పెట్టి, గొట్టాలు బిగించి, మోటారు తగిలించాడు.

"మురికి నీళ్ళు ఇందులోకి దిగుతాయి. శుభ్రపడ్డాక మోటారు పైకి పంపుతుంది. ఇదిగో నాచు, ఈ తొట్టిలో పెంచండి, మురికంతా అదే తినేస్తుంది. ఉప్పు కలిపి, సరిపోయిందో లేదో చూడండి. కరెంటు పోతే మాత్రం కింది తొట్టి పొర్లకుండా చూసుకోండి" అని చెప్పి వెళ్ళాడు.

ఇంకేముంది, పైడమ్మ ఉప్పు కలిపి, గరిటెతో తీసి నాలిక మీద వేసుకుంది.

"ఉప్పు సరిపోయింది. కాస్త పులుపు తగలాలి" అని చింతపండుకి లేచింది.

"వద్దే, చేపలున్న నీళ్ళల్లో చింతపండు పిసికితే పులుసైపోద్ది" అన్నాడు అప్పలకొండ.

అన్న తెలివికి నూకరాజు పొంగిపోయాడు.

తరవాత నాచు పెంపకం. "పసిదానికి మురికి తినిపిస్తామా? మన ఇంటా వంటా ఉందా?" అంది పైడమ్మ. అంతే, ఉగ్గు కలిపి పోసింది, జోల పాడింది. తొట్టి నీళ్ళు కాస్తా పాలలా తెల్లబడ్డాయి.

"బిడ్డ ఒళ్ళు చేస్తోంది" అని నూకరాజు ఇంకో గిన్నెడు పోశాడు.

అంతలో కరెంటు పోయింది. మోటారు ఆగింది. పైనీళ్ళన్నీ కిందికి దిగడం మొదలెట్టాయి. ముగ్గురూ పీటలేసుకుని, తొట్టి చుట్టూ కూచుని చూశారు. తొట్టి పొర్లింది. చూశారు. నీళ్ళు పీటల దాకా వచ్చాయి. రెప్ప వెయ్యకుండా చూశారు.

"సన్యాసిరావు గారూ, ముగ్గురం చూస్తూనే ఉన్నామండీ, అయినా పొర్లుతోంది. పైన చేపలకి రెక్కలు తడవడానికైనా నీళ్ళు లేవు" అని అప్పలకొండ ఫోన్ చేశాడు.

సన్యాసిరావు తల పట్టుకున్నాడు. "ముందు ఎలాగోలా ఆ చేపల్ని ఒడ్డున పడేయండి. నేను బయల్దేరుతున్నా."

అంతే, చేపల్ని బిందెలో వేసుకుని ముగ్గురూ సముద్రం ఒడ్డుకి పరిగెత్తారు. ఇసక మీద పడేశారు. చేపలు ఎగిరెగిరి పడుతుంటే, పైడమ్మ ఎండ తగలకుండా కొంగు అడ్డం పట్టింది. ఇంతలో పెద్ద అల వచ్చి రెండింటినీ లాక్కుపోయింది.

అప్పలకొండ లబోదిబోమన్నాడు. "ఒరే నూకా, నీళ్ళల్లో పడిపోయాయిరా. మునిగిపోతాయి."

నూకరాజు లుంగీ ఎగ్గట్టి దూకేశాడు. వాడికి ఈత రాదు. పక్కనే వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు పరిగెత్తుకొచ్చి, జుట్టు పట్టి బయటికి లాగారు.

వాడు నీళ్ళు కక్కుతూనే, "నన్నొదిలెయ్యండి బాబూ, లోపల ఇంకా ఇద్దరున్నారు" అన్నాడు.

జాలర్లు హడలిపోయారు. "వాళ్ళకి ఈతొచ్చా అమ్మా?" అని పైడమ్మనడిగారు.

"ఎక్కడ బాబూ, మా ఇంటికొచ్చిన కాడ్నించీ గడప దాటితేనా" అని ఆవిడ కళ్ళొత్తుకుంది.

ఇంకేముంది, జాలర్లంతా కలిసి పడవ సముద్రంలోకి తోసేశారు.