ముత్యాలు వంతు అన్నం

అనగనగా కన్నా, ఒక కొండ కింద ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు సింహాద్రి. వాళ్ళకి ముత్యాలు అని ఒక్కతే కూతురు. ఆ పిల్లకి ఎండుచేపల పులుసంటే ప్రాణం. పులుసు కాచిన రోజు కంచం కడగక్కర్లేకుండా నాకేసేది.

ఒక వానాకాలం ముత్యాలుకి జ్వరం వచ్చింది. మొదటిరోజు పడుకుంది. రెండోరోజు మాట్లాడలేదు. మూడోరోజు తెల్లారేసరికి పిల్ల లేదు. ఊరివాళ్ళు కొండ మీదికి తీసుకెళ్ళి, జీడితోట పక్కన మట్టిలో పడుకోబెట్టి వచ్చారు.

ఆ తర్వాత నూకాలు మళ్ళీ పొయ్యి వెలిగించింది. చెయ్యి అలవాటు కదా, ముగ్గురికీ బియ్యం పోసేసింది. సింహాద్రి తిన్నాడు. తను తింది. ముత్యాలు వంతు మిగిలింది. దాన్ని కుక్కకి పెట్టడానికి మనసొప్పలేదు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. అప్పుడు ఆ వంతు కూడా తనే తినేసింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చేను పనికి వెళ్ళడం మానేసింది. గుమ్మంలో కూర్చునేది, లేచి తినేది, మళ్ళీ వచ్చి కూర్చునేది.

అలా ఒళ్ళు వచ్చేసింది. మోకాళ్ళు పట్టేశాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. సంవత్సరీకం నాడు అందరూ పువ్వులు పట్టుకుని కొండెక్కారు. నూకాలు సగం కూడా ఎక్కలేక దారిలోనే కూలబడింది. తన చేతిలో పువ్వులు ఇంకొకరికిచ్చి పంపింది. కన్నబిడ్డ దగ్గరికి కూడా వెళ్ళలేకపోయానే అని ఆ రోజంతా కుమిలిపోయింది.

అప్పుడు తిండి మీద కోపం తెచ్చుకుని పస్తులుంది. నూతి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ తర్వాత సంతలో ఎవడో ఒళ్ళు తగ్గే పొడి అని అమ్ముతుంటే కొని మింగింది. వాంతులై మంచాన పడింది. అప్పుడు సింహాద్రి ఆవిణ్ణి బండెక్కించి, పక్క ఊరి ఆసుపత్రిలో నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

నర్సమ్మ అన్నీ చూసి అడిగింది.

"ఇంట్లో ఎంతమందమ్మా?"

"ఇద్దరం."

"ఎంతమందికి వండుతున్నావు?"

నూకాలు తల దించుకుంది. పక్కనున్న సింహాద్రి మెల్లిగా కూతురి సంగతి చెప్పాడు. నర్సమ్మ నూకాలు భుజం మీద చెయ్యి వేసింది.

"కడుపు మాడ్చుకోకమ్మా," అంది. "ఆకలేసినంత తిను. చాలనిపించగానే లే. రోజూ కాస్త నడు. ఆయాసం వస్తే కూర్చో, మర్నాడు మళ్ళీ నడు. తొందరేం లేదు."

మర్నాడు నూకాలు ఇద్దరికే బియ్యం పోసింది. పోసి, చేట ముందు కూర్చుండిపోయింది.

"మావా, పిల్లని నేనే ఇంట్లోంచి పంపించేసినట్టుంది," అంది.

సింహాద్రి వచ్చి పక్కన కూర్చున్నాడు. "నువ్వు పంపలేదే. అదే వెళ్ళిపోయింది," అన్నాడు. ఆ పూట ఇద్దరికీ ముద్ద దిగలేదు.

ఆ తర్వాత నూకాలు నడక మొదలుపెట్టింది. ముందు నూతి దాకా వెళ్ళొచ్చింది. కొన్నాళ్ళకి కల్లం దాకా. ఇంకొన్నాళ్ళకి కొండ మొదలు దాకా. మధ్యమధ్య మనసు ఆగేది కాదు. ముగ్గురికీ వండేసేది, ఆ వంతు తినేసేది, తిన్నాక ఏడ్చేది. మర్నాడు మళ్ళీ ఇద్దరికే పోసేది. చేలో కలుపు తియ్యడానికీ వెళ్ళసాగింది. ఎప్పుడు తగ్గిందో తెలీదు గానీ, ఒకనాడు రవిక వదులైంది. మెట్టు దిగితే మోకాలు కలుక్కుమనలేదు.

అప్పుడొక పొద్దున్న ఇద్దరూ కొండెక్కారు. నూకాలు ఆగి ఆగి ఎక్కింది. అక్కడ ముళ్ళూ పిచ్చిగడ్డీ పెరిగిపోయి ఉంటాయనుకుంది. తీరా చూస్తే ఒక్క గడ్డిపరక లేదు. చుట్టూ గుండ్రటి రాళ్ళు పేర్చి ఉన్నాయి. తలవైపు గన్నేరు మొక్క పూసి ఉంది.

"ఎవరు వేశారు మావా?"

"నేనే. కట్టెలకని చెప్పి వచ్చేవాణ్ణి."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఎక్కలేవు కదా. చెబితే ఆ గుమ్మంలో కూర్చుని కొండకేసే చూస్తూ ఉండిపోతావని."

నూకాలు మట్టి మీద చెయ్యి వేసింది. ఇన్నాళ్ళూ అన్నంతో పాటు మింగేసిన ఏడుపంతా అప్పుడు బయటికొచ్చింది. సింహాద్రి కూడా ఏడ్చాడు. పిల్ల పోయినప్పటి నుంచీ వాళ్ళిద్దరూ ఒక్కచోట కూర్చుని ఏడవడం అదే మొదలు.

ముత్యాలు తిరిగి రాలేదు కన్నా. పోయినవాళ్ళు రారు. కానీ ఆ తర్వాత సింహాద్రి ఒక్కడే కొండెక్కిన రోజు లేదు.

కథేమో కంచికి నడిచింది,
మనకేమో మనిల్లు పిలిచింది.