సేనాపతి గారికి ఎక్కిన నీళ్ళు

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టాలి గానీ, ఈ కథ జరిగే నాటికి ఇందులోని వాళ్ళంతా తమ రాజ్యం దాటి చాలా దూరం వచ్చేశారు. ఆ రాజ్యం పారశీకం. వాళ్ళు వచ్చి చేరిన చోటుకు పేరంటూ లేదు. కనుచూపు మేర గడ్డి, గడ్డి మీద గాలి, అంతే.

ఆ సైన్యాన్ని నడిపిస్తున్నవాడు మిత్రబర్జుడనే సేనాపతి. ఆయన గడ్డం వరుసలు వరుసలుగా ఉంగరాలు తిరిగి ఉండేది. తాగడానికి నీళ్ళు కరువైన రోజున కూడా దానికి పూసే నూనె తగ్గకూడదు. వెంట ఒక శిల్పిని తెచ్చుకున్నాడు. శత్రురాజు మెడ మీద తాను కాలు మోపినట్టు కొండ మీద చెక్కించుకోవాలని కోరిక. తీరా వచ్చి చూస్తే ఆ దేశంలో కొండ లేదు, శత్రురాజు కనబడలేదు.

అక్కడి వాళ్ళు గుర్రాల మీద తిరిగే సంచార జనం. ఊళ్ళు లేవు కాబట్టి ముట్టడించడానికి ఏమీ దొరకదు. సైన్యం ముందుకు వస్తోందంటే గుడారాలు మడిచి వెనక్కి పోతారు. పోతూ పోతూ గడ్డి తగలబెట్టి, బావులు పూడ్చి మరీ పోతారు. దండయాత్ర అంటే భేరీలూ ధ్వజాలూ అని పుస్తకాల్లో చదువుకుంటాం గానీ, అందులో ముప్పాతిక వంతు నడకే. చెప్పులు అరిగితే గుడ్డపీలికలు కట్టుకుని నడవడం, అవీ చిరిగితే చచ్చిన గుర్రం తోలు చుట్టుకుని నడవడం. ఎందుకు నడుస్తున్నామో అడగడం మాత్రం ఉండదు. ఒక దళపతి అడిగాడు. అతని హోదాకు గుర్తైన నడుముపట్టీ విప్పించి, కంచరగాడిదల వెంట మూటలు మోయించాడు మిత్రబర్జుడు. ఆ తరవాత ఎవరూ నోరు విప్పలేదు.

చలి మొదలైంది. ఎదురుగా పెద్ద నది. అది దాటితే మంచు పడేలోగా తిరిగి రాలేరు, వచ్చేవాళ్ళు మిగలరు. ఈ సంగతి వంటవాళ్ళకు కూడా తెలుసు.

ఒక మధ్యాహ్నం సేనాపతి దళపతులందర్నీ పిలిపించి, "రేపు నది దాటుతున్నాం," అన్నాడు.

 ఆయనకు పానపాత్ర అందిస్తూ, కబుర్లు చెబుతూ ఉండే రష్నుడు మెల్లగా దగ్గాడు.

"నిర్ణయం సగం అయింది ప్రభూ. మిగతా సగానికి మద్యం కావాలి."

పారశీకులకు అలాంటి ఆచారం ఒకటి ఉండేది. పాతకాలపు గ్రీకులు కూడా దాన్ని వింతగా రాసుకున్నారు. పెద్ద విషయం ఏదైనా తెలివిలో ఉండగా నిర్ణయిస్తే, దాన్ని మళ్ళీ తాగి చర్చించాలి. రెండుసార్లూ ఒకే మాట వస్తేనే అమలు, లేకపోతే వదిలేయాలి. తాగి అన్న మాటకు శిక్ష ఉండదు. వినడానికి నవ్వొస్తుంది గానీ, ఒక్కసారే ఆలోచించి చేసిన పనులు లోకంలో ఏమంత బాగుపడ్డాయి కనక.

"అయితే మద్యం పొయ్యి," అన్నాడు సేనాపతి.

"లేదు ప్రభూ. ఆఖరి తోలుతిత్తి కూడా ఎండిపోతే, దాన్ని కోసి చెప్పులు కుట్టుకున్నారు."

"ఇక్కడివాళ్ళు గుర్రపు పాలు పులియబెట్టి తాగుతారట కదా. అవి తెప్పించు."

"తెప్పించేవాణ్ణే. పాలిచ్చే గుర్రాలు వాళ్ళతో పాటే వెళ్ళిపోయాయి. వాటిని పట్టుకోవాలంటే నది దాటాలి. నది దాటాలంటే ముందు తాగాలి."

"అంటే మద్యం కోసం నన్ను ఇంటికి పొమ్మంటావా?"

"నేననలేదు ప్రభూ. ఆచారం అంటోంది."

మిత్రబర్జుడికి కోపం వచ్చింది. మూలనున్న నీళ్ళకుండ వైపు వేలు చూపించాడు.

"ఈ దండులో నా మాటే శాసనం. అది మద్యమని నేనంటే మద్యమే."

"చిత్తం. కాకపోతే సందేహించే పాపాత్ములు ఉంటారు. చాటింపు వేయిస్తే ఏ గొడవా ఉండదు."

సలహా సేనాపతికి నచ్చింది. కుండలో ఉన్నది మద్యమనీ, కాదన్నవాడు ఎంతవాడైనా సరే నాలుక కోయిస్తామనీ గుడారం బయట చాటించారు.

రష్నుడు బురదనీళ్ళను బంగారు గిన్నెలో ఎంతో మర్యాదగా పోశాడు. సేనాపతి తాగి, మూతి తుడుచుకున్నాడు.

"తాగాను. ఇప్పుడూ నది దాటాలనే అంటున్నాను. మీరు కూడా తాగి చెప్పండి."

దళపతుల్లో పెద్దవాడు వహుకుడు. గిన్నె ఖాళీ చేసి, మళ్ళీ పోయించుకుని తాగాడు.

"ప్రభూ, నాకు బాగా ఎక్కింది," అన్నాడు ఎక్కడా తడబడకుండా. "ఒళ్ళు తెలియని స్థితిలో చెబుతున్నాను. నా వాళ్ళలో నడవగలిగినవాళ్ళు సగం మంది కూడా లేరు. ఎవరి మెడ మీద కాలు పెట్టాలని వెళుతున్నామో, వాళ్ళు దూరాన గుర్రాల మీద కూర్చుని మనల్ని చూసి నవ్వుకుంటున్నారు. ఆ నది దాటితే మనల్ని పూడ్చేవాళ్ళు కూడా ఉండరు."

సేనాపతి చెయ్యి కత్తి మీదికి పోయింది.

"తాగినవాడి మాట ప్రభూ," అన్నాడు రష్నుడు.

"ఏం తాగాడని? వాడు తాగింది వట్టి—"

అక్కడ ఆగిపోయాడు. చాటింపు వేసినవాడు ఇంకా గుమ్మంలోనే డప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాకూ ఎక్కిందండి," అన్నాడు ఇంకో దళపతి. "నేను బయల్దేరేటప్పుడు మా అమ్మాయికి అప్పుడే పళ్ళు వస్తున్నాయి. ఇప్పుడు నేను కనిపిస్తే ఎవరని అడుగుతుంది."

"నాకైతే తల తిరిగిపోతోంది," అన్నాడు మూడోవాడు. "తమరి గడ్డానికి పూసే నూనెలో పిసరంత మావాళ్ళ కాళ్ళ పుండ్లకు పూసినా బాగుండేది."

ఆ తరవాత కుండ ఖాళీ అయ్యేదాకా ఎవరూ ఆగలేదు. ఒక్కరి మాటా తూలలేదు.

 చివరికి మిత్రబర్జుడు గిన్నె చాపి అడుగున మిగిలిన బురద కూడా పోయించుకుని తాగాడు. భుజాలు కిందికి జారాయి.

"రష్నూ, నాకూ ఎక్కినట్టుంది. నా మోకాళ్ళు నొప్పులయ్యా. పొద్దున గుర్రం ఎక్కాలంటే ముగ్గురు పట్టుకోవాలి. ఆ నది ఎందుకు దాటాలో కూడా గుర్తు రావడం లేదు."

అని ముందు నెమ్మదిగా, తరవాత కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. దళపతులూ నవ్వారు. అంతమంది అలా నవ్వి చాలా కాలమైంది. రెండు మాటలూ కలవలేదు కాబట్టి నది సంగతి ఆచారం ప్రకారమే రద్దయింది. ఆయన చేతి కంకణం తీసి రష్నుడి వైపు చాచాడు.

రష్నుడు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"బరువుగా ఉంది ప్రభూ. నడవాల్సిన దూరం చాలా ఉంది. ఇంటికి చేరాక ఇప్పించండి."

తెల్లవారి గుడారాలు విప్పుతుంటే వహుకుడు భయపడుతూ సేనాపతి దగ్గరికి వచ్చాడు. "నిన్నటి నిర్ణయం మత్తులో చేశాం కదా ప్రభూ. దిగాక మళ్ళీ ఆలోచిస్తారా?"

ముగ్గురు ఎత్తి కూర్చోబెడితే, మిత్రబర్జుడు గుర్రాన్ని ఇంటివైపు తిప్పాడు.

"మా ఊరు కనబడేదాకా దిగేట్టు లేదయ్యా," అన్నాడు.