ప్రభుదాసు పలచన చేసిన నీళ్ళు

హైమవతి మేడమ్‌గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. ఆ పని ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది. నేనెవర్నంటారా? మైలపల్లి ఎర్రన్నని. విశాఖపట్నంలో ఆవిడ నడిపే శబ్దాల ల్యాబులో నీళ్ళ ట్యాంకుకి కాపలా. చదివింది మూడో క్లాసు. మునగడంలో మటుకు చేపలు నా దగ్గరికి ట్యూషన్‌కి రావాలి. పొయ్యి మీద ఎసరు పెట్టి నీళ్ళలోకి దిగితే, గంజి వార్చే వేళకి పైకొస్తాను. నమ్మకపోతే మీ ఇష్టం, చూసిన చేపలున్నాయి.

ఆవిడ శిష్యుడు ప్రభుదాసు. నన్ను బాబాయ్ అంటాడు, తెచ్చుకున్న క్యారేజీలో సగం నాకే పెడతాడు. కంప్యూటర్లో ఓ బొమ్మ చెరువు కట్టాడు. పైన గాలి, కింద నీళ్ళు. మనుషుల చెవికందని సన్నటి శబ్దాన్ని గాల్లోంచి నీళ్ళలోకి పంపాలి. పంపితే ఏటవుతుంది? ఆ శబ్దపు అల నీటి మీద పడి, ఇంచుమించు అంతా వెనక్కొచ్చేస్తుంది. మూడు నెల్లు అదే వరస. సోమవారం వాడి పని పరీక్షించే పెద్దలొచ్చి చూస్తారు, అల దాటకపోతే మూడేళ్ళ పని గంగలో కలిసినట్టేనని వాడి బెంగ. చివరికి ఓ రోజు పళ్ళన్నీ బయటపెట్టుకుని వచ్చాడు.

"మేడమ్, అల దాటేసింది! సరిగ్గా ఉందా, చూడండి."

మేడమ్‌గారు అంకెలు చూశారు. అల దాటాలని నీళ్ళ బరువు గాలంతకి తగ్గించి రాసేశాడు మావాడు!

"పాలల్లో నీళ్ళు కలిపేవాళ్ళని చూశాను గానీ నాయనా, నీళ్ళల్లో గాలి కలిపినవాణ్ణి నిన్నే చూశాను," అని నవ్వి, నావైపు తిరిగారు. "ఎర్రన్నా, ట్యాంకు అడుక్కి వెళ్ళి కూర్చో. ప్రభు పిలుస్తాడు. వినబడితేనే పైకి రా."

దిగి కూర్చున్నాను. పైన మావాడు మొదట మర్యాదగా పిలిచాడట, తర్వాత అరిచాడట, ఆ తర్వాత గొంతు చించుకున్నాడట. నాకు మటుకు దోమ గీపెట్టినంత కూడా లేదు. మధ్యాహ్నం క్యారేజీలో ఏం కూరో అని ఆలోచిస్తున్నాను.

"మేడమ్, బాబాయ్ చచ్చిపోతాడు!"

"ఇంకా గట్టిగా పిలువు," అన్నారట ఆవిడ, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ.

అప్పుడు కనబడింది వాడికి, సగం పైన, సగం నీళ్ళలో ఉన్న ఇనప నిచ్చెన. చేతికందిన క్యారేజీ పెట్టి దాన్ని బాదాడు. టంగుమంది! నా పళ్ళు జివ్వుమన్నాయి. ఒక్క తాపుతో పైకొచ్చాను.

వాడు నా చొక్కా పట్టుకుని ఏడుస్తూ తిట్టాడు. "పిన్నికి నేనేం సమాధానం చెప్పను బాబాయ్?"

"ఏడవకురా, ఇంకా ఎసరే మరగలేదు," అన్నాను. క్యారేజీ సొట్టపోయి రొయ్యల ఇగురంతా ట్యాంకు పాలైంది. నా ఏడుపు నాది.

వాడు తడిచేతుల్తోనే కంప్యూటర్ ముందు కూర్చుని నీళ్ళ బరువు నీళ్ళకి తిరిగిచ్చేశాడు. అల మళ్ళీ ఎగిరి వెనక్కొచ్చింది.

"సోమవారం ఇదే చూపిస్తాను మేడమ్. కానీ దీన్ని దాటించడం ఎలా?"

మేడమ్‌గారు ఓసారి నిచ్చెన వైపు చూసి, ఒలిచిన పప్పులు వాడి దోసిట్లో పోశారు.

"ఎర్రన్న ప్రాణం పోతుందనుకున్నప్పుడు, నీళ్ళు పలచన చెయ్యాలని నీకు తోచలేదు కదా?"