జావగుడ్డ

ఏది అడిగినా నోటితో జవాబు చెప్పే అలవాటు మంత్రసాని సైదమ్మకు లేదు. చూస్తూ ఉండమనేది, అంతే. ఆ రోజు మాత్రం ఆ తీరుకు శిష్యురాలు అంకాలుకు ఒళ్లు మండిపోయింది.

మండదూ మరి! పున్నమ్మ మనవరాలికి మూడేళ్లు నిండినా "అమ్మా" అని పలకదు. మాటొస్తుందని నాలుక మీద రాయడానికి వసకొమ్ము అరగదీసీ అరగదీసీ కొమ్మే అయిపోయింది. ఇక నాలుక కింద నరం కోయాల్సిందేనని పున్నమ్మ పట్టుబట్టింది. పున్నమ్మ వాకిట్లోనే అంకాలు కత్తిని నీళ్లలో మరగబెట్టి సిద్ధంగా కూర్చుంది. సైదమ్మ పిల్ల నాలుకను వేలితో పైకెత్తి చూసింది. నరం ఎక్కడా పట్టెయ్యకుండా అది సులువుగానే లేచింది.

"కోస్తే దీనికి మాటొస్తుందా, రాదా? అదైనా చెప్పవేం పెద్దమ్మా?" అని నిలదీసింది అంకాలు.

సైదమ్మ తను తినడానికి తెచ్చుకున్న జొన్నరొట్టె తీసి, అంచు విరిచి పిల్ల చేతిలో పెట్టింది. పిల్ల దాన్ని నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. బిక్కుబిక్కుమంటూ నాయనమ్మ చేతివంక చూసింది.

"అయ్యయ్యో, గొంతుకు అడ్డం పడుద్ది!" అంటూ పున్నమ్మ రొట్టె లాక్కుని, అలవాటు చొప్పున పిల్ల చేతి మీద ఒక్కటిచ్చింది. "పుట్టినకాణ్ణించీ గుడ్డలో వడకట్టిన జావే పోస్తున్నా. ఒక్క మెతుకు పంటికింద పడనిచ్చానా? ఒక్క పుల్ల నోట్లో పెట్టుకోనిచ్చానా? ఎంత శుభ్రంగా పెంచానో ఊళ్లో ఎవర్నైనా అడుగు!"

అంకాలుకు కోపం నషాళానికంటింది. గరిటె దొరికినా, అమ్మ కొంగు దొరికినా పసిపిల్లలు ముందు నోటితోనే కదా చూస్తారు! ఈ పిల్లను ఏదీ నాకనివ్వలేదు, కొరకనివ్వలేదు, నమలనివ్వలేదు. ఎటు తిరగాలో ఆ నాలుకకు తెలిసేదెట్లా? చేసిందంతా చేసి, ఇప్పుడు దాని కిందే కత్తి పెట్టమంటుందా ఈ మహాతల్లి!

"ఇంకోసారి చెయ్యెత్తావంటే ఊరుకోను!" అని అరిచి, అంకాలు ఆ రొట్టెముక్క మళ్లీ పిల్లకిచ్చింది. పిల్ల చప్పరించింది, ఓకరించింది, ఊసేసింది. ఎవరూ కొట్టలేదని చూసుకుని మళ్లీ నోట్లో పెట్టుకుంది. గడ్డం మీదుగా చొంగ కారుతుంటే పళ్లు ఆనించి కొరికింది.

అంకాలు చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. "మరి ఈ కత్తి?" అంది చివరికి.

సైదమ్మ దండెం మీద ఆరేసిన జావగుడ్డను చూపించింది.

"మరగబెట్టావుగా, ఊరికే పోవడమెందుకు? దాన్ని కొయ్యి."