పిడి పైన తెల్లగీత

“అయ్యా, కంటికి కనపడని లోపం కూడా లోపమేనంటారా?” అని ఏలీషా ఒక ఉదయం తన గురువును అడిగాడు. తెలుసుకుందామని అడిగిన ప్రశ్న కాదది, చేసిన పనిని వెనకేసుకు రావడానికి అడిగింది. గురువు మడకం జోగయ్య చింతూరు పక్కన నలభై ఏళ్ళుగా విల్లులు చేస్తున్నాడు. వాదించడం ఆయనకు అలవాటు లేదు. “నీ విల్లు పట్రా. తాడు ఎక్కించు” అన్నాడు.

ఆ విల్లు సంగతి కొంత చెప్పాలి. వెదురు బద్దలకు ముందూ వెనకా అద్దంలాంటి ఫైబర్ పట్టీలు అతికించి చేసింది. లోపలి వెదురు పోగులన్నీ పైకి కనపడతాయి, చేసినవాడి తప్పులూ కనపడతాయి. ఆరేళ్ళు పని నేర్చుకున్న ఏలీషా తన పేరు చెక్కి బయటికి పంపబోతున్న మొదటి విల్లు అదే. మర్నాడు చుక్కమ్మ అనే పదిహేడేళ్ళ పిల్ల దాన్ని పట్టుకుని రాష్ట్ర జట్టు ఎంపికలకు వెళ్ళాలి. తీరా అంతా అయ్యాక పిడికి బెత్తెడు పైన తెల్లటి గీత ఒకటి తేలింది. అలాంటప్పుడు తడివేలితో రుద్ది చూడమని గురువు మొదటి రోజే నేర్పాడు. పైపై గీత అయితే తడికి మాయమవుతుంది, లోపల అతుకు విడితే మాయం కాదు. ఏలీషా రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. గీత అలాగే ఉంది. అతుకు విడిందని తెలిసి కూడా పట్టీ అంచు నుంచి నీళ్ళలాంటి పల్చటి జిగురు ఎక్కించాడు. అది లోపలిదాకా చేరి అతికిందో లేదో తెలియదు గాని, గీత పోయింది. ఉప్పుకాగితం పట్టి వార్నిష్ వేసేసరికి విల్లు మొహం చూసుకునేంతగా మెరిసింది.

జోగయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “బాగా చేశావురా” అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఆరేళ్ళు ఎదురుచూసిన ఏలీషా, తీరా విన్నాక తల ఎత్తలేకపోయాడు.

“ఆ పిల్ల కంటే ముందు నేను ముప్ఫైసార్లు లాగుతాను. నువ్వు లెక్కపెట్టు” అని గురువు తాడును చెంపదాకా లాగాడు.

ఏలీషా లెక్కపెట్టాడు. ప్రతి అంకెకూ ముందు, ఆపమని చెప్పేద్దామనుకున్నాడు. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే, ఏమో, విల్లు నిలబడనూవచ్చు. ఆ ‘ఏమో’ను పట్టుకుని వేలాడాడు పాపం. నోట్లోంచి అంకెలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఇరవై మూడు అన్నాడు. పట్టీ ఫెళ్ళున లేచిపోయింది. విరిగిన వెదురు గురువు ఎడమకంట్లోకి దిగింది.

ఆసుపత్రిలో ఆ కన్ను తీసేశారు. నాలుగో రోజున ఏలీషా మంచం పక్కన నేలమీద కూర్చుని, తడివేలి దగ్గర్నుంచి జిగురు దాకా అంతా చెప్పి ఏడ్చాడు.

“ఆ గీత నాకు కనపడలేదురా” అన్నాడు జోగయ్య. “పదోసారి లాగినప్పుడు నీ చూపు కనపడింది. నువ్వు చెబుతావని ఇంకా లాగాను.”