రోజుకొక్కసారి మాట్లాడే నాన్న

కొత్తలంకలో ఆలోచనవారి ఇల్లు ఎక్కడ అని అడిగితే చంటిపిల్లలు కూడా చూపిస్తారు. కాకపోతే నవ్వుతూ చూపిస్తారు. వాళ్ళ అసలు ఇంటిపేరు వేరే ఉండేది, అదెప్పుడో మరుగునపడింది. ఆలోచించి గానీ ఏ పనీ చెయ్యరని ఊరంతా కూడబలుక్కుని పెట్టిన పేరిది. అది వెక్కిరింపుకి పెట్టిన పేరని తెలియనివాళ్ళు ఊళ్ళో ముగ్గురే ముగ్గురు. ఆ ముగ్గురూ ఆ ఇంట్లోనే ఉంటారు.

పెద్దవాడు గవర్రాజు, యాభై దాటినవాడు. అతని భార్య నాగరత్నం. తమ్ముడు అబ్బులు, పెళ్ళికానివాడు. ఎందుక్కాలేదంటే, అప్పుడెప్పుడో పిల్లని చూసి రారా అని పంపిస్తే వాళ్ళ వీధి గుమ్మంలో నిలబడి, పిల్లని చూసి, తిరిగి వచ్చేశాడు. లోపలికి కూడా వెళ్ళలేదు. "వెళ్ళమని ఎవరూ చెప్పలేదు కదా" అన్నాడు. నిజమే, ఎవరూ చెప్పలేదు.

ఊళ్ళో అందరి చేతుల్లోకీ వేలితో గీకే ఫోన్లు వచ్చాయి. గవర్రాజుకి ఆ ఫోన్లంటే జాలి. "అడిగితే గానీ చెప్పవటగా అవి. మా పెట్టె అడక్కుండానే చెప్తుంది పిన్నీ. మా ఇంట్లో పొరపాటన్నది జరగదు" అనేవాడు పక్కింటి వెంకాయమ్మతో. వెంకాయమ్మ నోట్లో పమిట కొంగు కుక్కుకుని లోపలికి పోయేది.

ఆ పెట్టె వాళ్ళ నాన్న వీరాస్వామి కొన్న టేప్‌రికార్డరు. వీరాస్వామి పోయి తొమ్మిదేళ్ళయింది. పోయేముందు ఆయనకి ఒకటే బెంగ, తను లేకపోతే ఈ బుద్ధిమంతులు ముద్ద నోట్లో పెట్టుకోవాలో చెవిలో పెట్టుకోవాలో ఎవరు చెప్తారని. అందుకని ఒకనాటి పొద్దున్న పెట్టె ముందు కూర్చుని రోజూ చెయ్యాల్సిన పనులన్నీ క్యాసెట్టులోకి చెప్పేశాడు. "రోజూ తెల్లారగానే ఒక్కసారి ఇది పెట్టుకుని వినండి. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి" అని మొదలెట్టాడు. ఎంతైనా ఆయనదీ ఆ ఇంటి రక్తమే కదా. ఆ పూట ఇంట్లో జరిగిన ఆర్భాటమంతా అందులోకి ఎక్కుతోందన్న సంగతి ఆయనకీ తట్టలేదు.

ఇంకేముంది, తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ప్రతిరోజూ అదే రోజు.

ఆరింటికి గవర్రాజు స్నానం చేసి, పెట్టెకి దణ్ణం పెట్టి, నల్ల బొత్తాం నొక్కుతాడు. "ఒరేయ్ గవర్రాజూ, పశువులకి నీళ్ళు పెట్టు" అంటుంది నాన్న గొంతు. పెడతాడు. "అబ్బులూ, పాలు పితుకు." పితుకుతాడు. ఇంతవరకూ బాగానే ఉంటుంది. "హాచ్" అని నాన్న తుమ్ముతాడు. ముగ్గురూ కలిసి "నూరేళ్ళు" అంటారు. నాగరత్నం చేతులు జోడించి మరీ అంటుంది, చచ్చిపోయిన మావగారికి.

"ఛీ, కాఫీలో పంచదార ఎక్కువైంది" అంటాడు నాన్న. అందుకని నాగరత్నం రోజూ నాలుగు చెంచాలు ఎక్కువ వేస్తుంది. వెయ్యకపోతే మావగారి మాట అబద్ధం అయిపోదూ? "ఎవరో తలుపు కొడుతున్నారు, చూడండ్రా" అంటాడు. ఎవరూ కొట్టరు. అందుకని అబ్బులు ముందే పెరటి దారిన వెళ్ళి వీధి తలుపు కొడతాడు. గవర్రాజు గడియ తీసి "ఎవరూ?" అంటాడు. "నేనే అన్నయ్యా." "రా, లోపలికి రా, ఎప్పుడొచ్చావు?"

"కుక్క వంటింట్లో దూరింది, తరమండి" అని ఇంకో మాట ఉంది. వాళ్ళకి కుక్క లేదు. అందుకని వెంకాయమ్మగారి కుక్కకి పెరుగన్నం పెట్టి, వంటింట్లోకి పిలిచి, కర్ర పట్టుకుని తరుముతారు. కొన్నాళ్ళకి ఆ కుక్క తనే వేళకి వచ్చి, అన్నం తిని, కర్ర తియ్యకముందే పరిగెత్తడం నేర్చుకుంది. ఆ పూటకి ఆ ఇంట్లో బుద్ధున్నది దానికొక్కదానికే.

ఆ తర్వాత "మబ్బు పట్టింది, వాకిట్లో వడ్లు లోపలికి చేర్చండి" అంటాడు. వడ్లు లేని రోజుల్లో లోపలున్న బస్తా ఒకటి వాకిట్లోకి మోసి, మళ్ళీ లోపలికి మోస్తారు. అన్నిటికీ ఆఖర్న విసుగ్గా దగ్గి, "మీతో వేగలేక చస్తున్నాను. చాల్లే, ఇంక ఆపండి" అంటాడు. "చిత్తం నాన్నా" అని గవర్రాజు పెట్టె ఆపుతాడు. అంతే, ఆ రోజుకి ఆలోచనవారి పని పూర్తి.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి గానీ, గవర్రాజుకి ఆ మాటంటే ప్రాణం. నాన్న బతికున్నప్పుడు కూడా రోజూ అదే మాట అనేవాడు. అది చెవిన పడితేనే గవర్రాజుకి అన్నం సహించేది. ఆ గొంతు ఒక్కనాడు వినబడకపోతే ఏ కాలు ముందు వెయ్యాలో తనకి తెలియదని అతనికి లోలోపల భయం. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. చెప్పమని ఎవరూ అనలేదు.

ఈ వేసవిలో రెండో పంట, దాళ్వా కోతలయ్యాయి. ఏడాది తిండిగింజలు వాకిట్లో ఆరబోశారు. సరిగ్గా అప్పుడే నాన్న గొంతు నీరసించింది.

"ఒ...రే...య్... గ...వ...ర్రా...జూ..." అని సాగింది పెట్టె. "నాన్నకి ఒంట్లో బాగాలేదే" అన్నాడు గవర్రాజు.

"పశు...వు...ల...కి... నీ...ళ్ళు..."

నాన్న ఎలా చెబితే అలా చెయ్యాలి కదా. నాన్న నెమ్మదిగా చెప్పాడు, అందుకని గవర్రాజు బిందె నెమ్మదిగా ఎత్తి, నెమ్మదిగా నడిచి, మధ్యాహ్నానికి గేదె దగ్గరికి చేరాడు. గేదె అప్పటికి తాడు తెంపుకుని కాలవకి పోయి, తాగి, తిరిగొచ్చింది. అబ్బులు ఒక్కొక్క చుక్కా పితుకుతుంటే చెంబులోనే పాలు విరిగాయి. కుక్క ఒకటికి రెండుసార్లు అన్నం తిని, వీళ్ళు తరమడానికి వస్తారేమోనని కాసేపు చూసి, అక్కడే నిద్రపోయింది.

నాగరత్నం పెట్టెకి దుప్పటి కప్పింది. మిరియాల కషాయం కాచి తెచ్చి, ఎక్కడ పొయ్యాలో తెలియక పెట్టె చుట్టూ తిరిగింది. "మావయ్యగారు నోరు ఎటు పెట్టారో కనబడ్డంలేదండీ" అంది. అదృష్టం, అప్పుడే వెంకాయమ్మ తొంగిచూసింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. బ్యాటరీలు అయిపోయాయే. ఎప్పుడూ అయిపోకముందే నేను మార్పించేదాన్ని, ఈసారి మరిచాను. రేపు సంతలో మస్తాను చేత మార్పించుకోండి" అంది.

మస్తాను సంతలో పాత రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేస్తాడు. బ్యాటరీలు మార్చి, పెట్టె దుమ్ము దులిపి, ముగ్గురి మొహాలూ చూసి, ఎందుకైనా మంచిదని జాగ్రత్త చెప్పాడు. "చూడండి బాబూ, నల్ల బొత్తాం నొక్కితే అది చెప్తుంది, మీరు వింటారు. దాంతోపాటు ఎర్రది కూడా నొక్కారనుకోండి, మీరు చెప్తారు, అది వింటుంది. ఆ ఎర్రదాని జోలికి మాత్రం పోకండి. పోతే పాతదంతా పోతుంది."

"మేమెందుకు పోతాం? మేము ఆలోచనవాళ్ళం" అన్నాడు గవర్రాజు.

మర్నాడు పొద్దున్న నాన్న గొంతు ఖణీమని మోగింది. గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు. పనులన్నీ పరిగెత్తుతూ చేశారు. వడ్లు లోపలికి చేర్చమన్నాడు, చేర్చారు. నాన్న ఆపమన్నాక, ఎండ బాగుందని మళ్ళీ వాకిట్లో ఆరబోశారు.

మధ్యాహ్నం రెండింటికి పడమట నిజంగా మబ్బు పట్టింది. ఈదురుగాలి లేచింది. వెంకాయమ్మ గోడ మీంచి కేకేసింది. "ఒరే గవర్రాజూ, వాన ముంచుకొస్తోందిరా. వడ్లు ఎత్తండి."

"పొద్దున్నే ఎత్తాం పిన్నీ" అన్నాడు గవర్రాజు అరుగు మీద కూర్చుని.

"ఎత్తినవి మళ్ళీ పోశారుగా, నీ మొహం మండా."

"అయితే నాన్న మళ్ళీ చెప్పాలి కదా."

"పెట్టు మరి ఆ పెట్టె."

"రోజుకి ఒక్కసారే పెట్టుకోమన్నాడు పిన్నీ. ఇవాళ్టిది అయిపోయింది." ఆ మాట అన్నాడు గానీ గవర్రాజు అరుగు దిగి, మళ్ళీ ఎక్కాడు. ఏడాది తిండి వాకిట్లో ఉంది. నాన్న మాట కాదని ఎత్తితే తప్పు, ఎత్తకపోతే పస్తు. ఏం చెయ్యను నాన్నా అని మనసులో పది సార్లు అడిగాడు.

అప్పుడు అబ్బులికి తట్టింది. తట్టకపోయినా బాగుండేది. "అన్నయ్యా, నాన్న రోజుకి ఒక్కసారే చెప్తాడు, నిజమే. ఎన్నిసార్లు వింటాడో ఆయనేం చెప్పలేదు కదా. ఎర్రది నొక్కితే వింటాడని మస్తాను చెప్పాడుగా."

"జోలికి పోవద్దన్నాడండీ. పాతదంతా పోతుందన్నాడు" అంది నాగరత్నం.

"పాతది పోతే ఏం వదినా? ఇది కొత్త కబురు" అన్నాడు అబ్బులు.

ఇంత సూక్ష్మంగా ఆలోచించే బుర్ర తమ ఇంట్లో ఉన్నందుకు గవర్రాజు తమ్ముణ్ణి కావలించుకున్నాడు. క్యాసెట్టుని మొదటికి తిప్పి, రెండు బొత్తాలూ కలిపి నొక్కాడు. "నాన్నా, నేను గవర్రాజుని. వాన వస్తోంది. వడ్లు వాకిట్లో ఉన్నాయి. లోపలికి చేర్చమంటావా, వద్దంటావా? నువ్వు చెప్పేదాకా ఒక్కళ్ళమూ కదలం" అన్నాడు.

నాన్న వింటున్నాడు గదాని నాగరత్నం ముందుకు జరిగింది. "మావయ్యగారూ, నేను కోడల్ని. మీకు కాఫీలో పంచదార ఎక్కువైందని తొమ్మిదేళ్ళుగా అంటున్నారు. తగ్గించమంటారా?" అబ్బులు తోసుకొచ్చి తన పెళ్ళి సంగతి ఎత్తాడు. ఆ పిల్లకి ఇప్పుడు మనవలు పుట్టారనీ, ఇంకోసారి చూసి రావాలో వద్దో చెప్పమనీ అడిగాడు. గేదె కాలికి తగిలిన దెబ్బ, కుక్క బద్ధకం, వెంకాయమ్మ నోటి దురుసు, అన్నీ విన్నవించారు. చుట్టూ ఉరుములు. పెంకుల మీద టపటపమని చినుకులు. పావుగంట పైగా చెప్పి చెప్పి, ఇంక చెప్పడానికేం లేక ఆపారు. ఆపేసరికి వాకిట్లో వడ్లు సగం కాలవ దాకా కొట్టుకుపోయాయి. గోడవారకి చేరిన సగం మిగిలాయి.

"నాన్న విన్నాడుగా, పొద్దున్న చెప్తాడులే" అన్నాడు గవర్రాజు.

తెల్లారింది. స్నానం చేశాడు, దణ్ణం పెట్టాడు, నల్ల బొత్తాం నొక్కాడు.

"నాన్నా, నేను గవర్రాజుని. వాన వస్తోంది. వడ్లు వాకిట్లో ఉన్నాయి..."

తన గొంతు తనకి పెట్టెలోంచి వినబడితే ఎవరూ పోల్చుకోలేరు. ఆలోచనవాళ్ళు అసలే పోల్చుకోలేరు. "ఎవరో నా పేరువాడే. పాపం, వీడికీ వడ్లు వాకిట్లోనే ఉన్నాయి" అన్నాడు గవర్రాజు.

"నువ్వు చెప్పేదాకా ఒక్కళ్ళమూ కదలం" అంది పెట్టె.

నాగరత్నం బుగ్గన వేలేసుకుంది. "వాన వస్తుంటే వడ్లు ఎత్తుకోడానికి ఒకళ్ళు చెప్పాలా? ఎంత తెలివితక్కువ సంతండీ."

"వాళ్ళ కోడలు చూడు వదినా, వడ్లు తడిసిపోతుంటే పంచదార గోల" అన్నాడు అబ్బులు. ముగ్గురూ కడుపుబ్బ నవ్వారు. అబ్బులు అయితే, పిల్లని గుమ్మంలోంచి చూసి వచ్చిన పెళ్ళికొడుకు సంగతి విని నేల మీద పడి దొర్లాడు.

నవ్వు ఆగాక గవర్రాజు మొహం పాలిపోయింది. పెట్టె ఇంకా వాగుతూనే ఉంది. నాన్న లేడు. పశువులకి నీళ్ళు లేవు, తుమ్ము లేదు, మబ్బు లేదు. "నాన్నేడిరా?" అన్నాడు. యాభై దాటినవాడు పెట్టెని ఒళ్ళోకి తీసుకుని, చెవి ఆనించి కూర్చున్నాడు. ఏడుపు ఆగలేదు.

ఆ వాగుడు టక్కున తెగింది. గరగరమంది. ఎవరో విసుగ్గా దగ్గారు. "మీతో వేగలేక చస్తున్నాను. చాల్లే, ఇంక ఆపండి."

అంతే, గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. "నాన్నే. ఆ వెర్రిబాగులవాళ్ళని కూడా ఎలా కసిరాడో చూడు" అన్నాడు. క్యాసెట్టులో నాన్న మాటలు ఇంక ఆ నాలుగే మిగిలాయి. అతనికి ఆ నాలుగూ చాలు. ఆపి, కొంచెం వెనక్కి తిప్పి, ఒక్కసారే అన్న నియమం కూడా మర్చిపోయి మళ్ళీ విన్నాడు.

అంతలో మళ్ళీ మబ్బు పట్టి వాన మొదలైంది. మిగిలిన సగం వడ్లు వాకిట్లోనే ఉన్నాయి. నాగరత్నం గబగబా టార్పాలిన్ తెచ్చింది. పాపం, ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళలో ఎవరూ చెప్పకుండా జరిగిన తెలివైన పని అదొక్కటే. గవర్రాజు ఆమెని ఆపాడు.

"టార్పాలిన్ ఎందుకే? ఆపమని నాన్న చెప్తూనే ఉన్నాడుగా."

"చెప్తున్నారు గానీ వాన ఆగడం లేదండీ. పడుతూనే ఉంది."

గవర్రాజు ఆలోచించాడు. "మనం ఇంట్లో కూర్చుని వింటే వానకి ఎలా వినబడుతుంది?" అన్నాడు.

ఇంకేముంది, పెట్టె తీసుకెళ్ళి వాకిలి మధ్యన రోలు మీద పెట్టాడు. గొంతు పూర్తిగా పెంచి, నల్ల బొత్తాం నొక్కి, మూత పైకి ఉండేలా ఆకాశం వైపు తిప్పాడు. ముగ్గురూ అరుగు మీద వరసగా కూర్చున్నారు. కుండపోతగా పడుతున్న వానలో నాన్న దగ్గాడు. "మీతో వేగలేక చస్తున్నాను. చాల్లే, ఇంక ఆ..." అన్నాడు. బుడబుడమని ఏదో అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

రోలు చుట్టూ వడ్లు తేలుతూ కాలవ వైపు సాగాయి. గవర్రాజు తృప్తిగా తల ఊపి, పెళ్ళాం వైపు తిరిగాడు.

"చూశావా, ఎవరికైనా చెప్పేముందు తను చేసి చూపించడం నాన్నకి అలవాటు. తను ఆగాడు. ఇంక వాన ఆగడమే తరువాయి."