ఎదురు నిమిరే చెయ్యి

“మా ఆయనకు ఇంక మంచిమాటలు చెప్పొద్దు సామీ.”

మఠం మెట్ల మీద నిలబడి ఈరమ్మ ఆ మాట సుంకన్నతో అంది. ఆమె ఎడమచేతికి వెదురుబద్దల కట్టు ఉంది.

ఆ మఠం నడిపే రుద్రప్ప తాత శిష్యుల్లో సుంకన్నంత మెత్తని మనిషి లేడు. అతనితో మాట్లాడితే కడుపు చల్లబడుతుందని కొండ కింది ఊళ్ళన్నిటా పేరు. ఆ పేరు సుంకన్న చెవిన కూడా పడింది. పడి, నిజం చెప్పాలంటే, కొంచెం తియ్యగానే ఉంది.

ఈరమ్మ మొగుడు మద్దిలేటి తాగి, మత్తు దిగాక అతని దగ్గరికే వచ్చేవాడు. తప్పు చేసినానని ఏడ్చేవాడు. సుంకన్న వీపు నిమిరి, నీ మనసు మంచిదే, మారతావులే అని చెప్పి పంపేవాడు. ఏం తప్పు చేశావని ఎన్నడూ అడగలేదు. అడిగితే పాపం నొచ్చుకుంటాడని.

“నీ మాటలు ఇని తేలిగ్గా ఇంటికొస్తాడు సామీ. తేలికయ్యేసరికి మళ్ళా తాగుతాడు,” అంది ఈరమ్మ. “ఈసారి చెయ్యి ఇరిగింది. ఇంగోసారికి ఏమో.”

తాత లోపల్నుంచి అంతా విన్నాడు. మఠంలో ఉండే ఒక పెద్దావిడను తోడిచ్చి ఈరమ్మను ఆమె అన్నగారి ఊరికి పంపించాడు. సుంకన్నను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని సుంకన్నకు అనిపించింది. మధ్యాహ్నమంతా ఆ వెదురుబద్దలే కళ్ళముందు మెదిలాయి. పొద్దు వాలుతుండగా పోయి తాత దగ్గర కూర్చున్నాడు.

“మీ కాడికొచ్చినోళ్ళు ఏడుస్తా పోతారు, మళ్ళా ఆ బాధతో రారు. నా కాడ నవ్వుకుంటా పోతారు, మళ్ళా అదే బాధ తెస్తారు. నాలో ఏం లోపముంది తాతా?”

తాత వాకిట్లో పడుకున్న మఠం కుక్కను పిలిచాడు. దాని పేరు నల్లోడు. వానలకు కొండమీద గడ్డి ఏపుగా పెరిగింది. నల్లోడు గొర్రెల వెంట ఆ గడ్డిలోనే తిరుగుతాడు. నిన్నటినుంచి సంగటి ముట్టడం లేదు. పిడుదులేమైనా పట్టి నెత్తురు తాగుతున్నాయేమో చూడమన్నాడు తాత.

సుంకన్న నల్లోణ్ణి తల నుంచి తోక దాకా ప్రేమగా నిమిరాడు. నల్లోడు కళ్ళు మూసుకుని తోక ఆడించాడు. బొచ్చు నూనె రాసినట్టు నున్నగా ఉంది. ఏమీ లేవని చెప్పాడు సుంకన్న.

తాత నల్లోణ్ణి మోకాళ్ళ మధ్యకు తీసుకుని, తోక నుంచి తల వైపుకు వేళ్ళు పోనిచ్చాడు. బొచ్చు ఎదురు లేచి కింద తోలు కనిపించింది. మెడ పట్టీ దగ్గర, తోలును కరుచుకుని, నెత్తురు తాగి ఉబ్బిన పిడుదు. ఆముదపు గింజంత ఉంది.

నల్లోడు గుర్రుమన్నాడు. తాత చెయ్యి తియ్యలేదు, బిగించనూ లేదు. ఆ ముసలి చెయ్యిని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పక్కనే కుక్క పళ్ళు చూపిస్తున్నా తన పని తాను చేసుకుంటూ పోతుంది. కాలిలో ముళ్ళు తీసుకునే చిన్న పట్టకారు నడుం దగ్గరి సంచిలోంచి తీసి సుంకన్నకు ఇచ్చాడు తాత.

సుంకన్నకు సిగ్గేసింది, తనమీద తనకే కోపమొచ్చింది. ఆ కోపంతోనే పిడుదును పట్టి లాగబోయాడు. తాత అతని మణికట్టు పట్టుకున్నాడు.

“గుంజితే మూతి లోపలే ఉండిపోతాది. పుండైతాది. తోలుకు దగ్గరగా పట్టు. నిదానంగా పైకి తియ్యి.”

ఈసారి సుంకన్న ఊపిరి బిగబట్టి తీశాడు. పిడుదు మొత్తంగా వచ్చింది. దాన్ని సబ్బునీళ్ళ డబ్బాలో వేసి, గెలిచినవాడిలా తాత మొహంలోకి చూశాడు.

“ఇంకా?” అన్నాడు తాత.

చెవి మడతలో ఒకటి దొరికింది. ఇంకా అన్నాడు తాత. చంకలో ఉంది, కాలివేళ్ళ సందున ఉంది, తోక కింద కూడా ఉంది. దొరికినప్పుడల్లా తాతది అదే మాట. చివరికి సుంకన్న ఎంత వెతికినా వేళ్ళకేమీ తగల్లేదు. నల్లోడు పడుకునే గోనెపట్టను రేపు ఎండలో వెయ్యమనీ, గడ్డిలో తిరిగొచ్చిన ప్రతి సాయంత్రమూ ఇట్లాగే చూడమనీ చెప్పి తాత లేచాడు.

“ఇప్పుడు నిమురు,” అన్నాడు.

సుంకన్న నిమిరాడు. నల్లోడు అతని చెయ్యి నాకాడు. మర్నాడు సంగటి తిన్నాడు.

వారం తిరక్కుండానే మద్దిలేటి వచ్చాడు. ఎప్పటిలాగే సుంకన్న ముందు కూర్చుని, తల వంచి, వీపు అప్పగించాడు. వాకిట్లో తాత నల్లోడి చెవులు వెతుకుతున్నాడు.

“తప్పు చేసినా సామీ.”

“ఏం తప్పు?” అన్నాడు సుంకన్న.

మద్దిలేటి తలెత్తాడు. ఆ నోట ఆ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. మనసు బాగాలేక వస్తే ఇదేం విచారణ అని విసుక్కున్నాడు. ఇంక ఈ మఠం గడప తొక్కనని లేచి చెప్పులో కాలు పెట్టాడు. సుంకన్న గొంతు పెంచలేదు, చూపు తిప్పుకోలేదు.

“ఈరమ్మ చెయ్యి ఎట్ల ఇరిగింది మద్దిలేటీ?”

మద్దిలేటి చెప్పులోంచి కాలు వెనక్కి తీశాడు. “నేనే ఇరిసినా,” అన్నాడు. అని మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. ఇది ఇదివరకటి ఏడుపు కాదు. ఇందులో గొంతు రాలేదు.

సుంకన్న చెయ్యి అలవాటుగా అతని వీపు వైపు లేచింది. వాకిట్లో తాత ఇటు చూడనైనా లేదు. చెయ్యి సగంలోనే ఆగింది. సుంకన్న దాన్ని మెల్లగా ఒళ్ళోకి దించుకున్నాడు.

“ఇంకా?” అని అడిగాడు.